హతుడి ఇంటి నుంచి వచ్చిన జామీను

మా సంస్థలో కొత్తగా చేరే పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: జైల్లోకి వెళ్ళాలంటే భయం వెయ్యదా మేడం? వెయ్యదు. జైల్లో అన్నిటికీ ఒక పద్ధతి ఉంటుంది. గేటు దగ్గర పేరు రాసుకుంటారు, సంచి వెతుకుతారు, వార్డరు తోడు వస్తాడు. భయపడాల్సిన చోటు జైలు బయట ఉంది. చనిపోయిన మనిషి ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచేటప్పుడు నా కాళ్ళు ఎన్నిసార్లు వెనక్కి లాగాయో నాకే తెలుసు.

నరసరావుపేటలో మాది చిన్న క్రైస్తవ సంస్థ. ఖైదీలను పలకరించడం, లాయరు లేనివాళ్ళకు లాయరును కుదర్చడం, బెయిలు వచ్చినా బయటికి రాలేనివాళ్ళకు దారి వెతకడం, విడుదలైనవాళ్ళను మళ్ళీ పనిలో పెట్టడం మా పని. బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి ఇందులో చేరాను. మొదట సహాయకురాలిగా, తర్వాత సంస్థ బాధ్యురాలిగా చాలా ఏళ్ళు పనిచేసి ఈమధ్యే తప్పుకున్నాను. నా తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఏదైనా రాసిపెట్టమని అడిగారు. పని ఎలా చెయ్యాలో చెప్పే కాగితాలు ఆఫీసులో చాలా ఉన్నాయి. నేను ఒక్క కేసు గురించే ఎక్కువగా రాస్తాను. నేర్చుకున్నదంతా అందులోనే ఉందని కాదు. దాన్ని ఇప్పటికీ రోజూ తలుచుకుంటాను.

మాస్టారి మొండితనం

ముందు యేసుదానం మాస్టారి సంగతి చెప్పాలి. సంస్థను పెట్టింది ఆయనే. హెడ్మాస్టరుగా రిటైరై, వచ్చే పెన్షనుతో సబ్ జైలుకు వెళ్ళి రావడం మొదలుపెట్టిన మనిషి. ఆయన దగ్గర పనిచేయడం సులువేమీ కాదు. ఎవరి మాటా వినేవారు కాదు. ఒకసారి సిటీ నుంచి వచ్చిన దాతలు, ఖైదీలు మోకరించి ప్రార్థన చేస్తున్న ఫొటోలు కావాలన్నారు. మనిషి కష్టంలో ఉన్నప్పుడు ఫొటో తియ్యనన్నారు ఈయన. వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ ఏడాది మేమంతా ఎన్ని అవస్థలు పడ్డామో! నేను ఆయనతో చాలా రోజులు ముభావంగానే ఉన్నాను.

బారక్‌లో మేము పాటలు పాడుతుంటే, ఒక మూల ఎవరైనా నమాజుకు లేచినట్టు కనిపిస్తే మాస్టారు చెయ్యెత్తి పాట ఆపించేవారు. అతని నమాజు అయ్యేదాకా అందరం మౌనంగా కూర్చునేవాళ్ళం. మన దేవుడి మాట మనం చెబుదాం, అడిగినవాడికి చెబుదాం, బెయిలుకు ఎర వేసి మాత్రం చెప్పవద్దు అనేవారు. జైలు పనిలో ఉన్న మన వాళ్ళు చాలామంది ఇక్కడే జారిపడతారు. ఆపదలో ఉన్నవాడు దేనికైనా తల ఊపుతాడు. ఆ ఊపుడును విశ్వాసం అనుకోవడం మన అమాయకత్వం కూడా కాదు, దురాశ.

ఆయన పెట్టిన ఇంకో నియమం నాకు మింగుడుపడేది కాదు. కొట్లాట కేసులో గాని, హత్య కేసులో గాని లోపలున్న మనిషిని చూడటానికి వెళితే, దెబ్బతిన్న వాళ్ళ ఇంటికి కూడా వెళ్ళి తీరాలి. వెళ్ళి ముద్దాయి తరఫున ఒక్క మాట మాట్లాడకూడదు. రాజీ మాట ఎత్తకూడదు. క్షమించమని అసలే అనకూడదు. పోయిన మనిషి గురించి వాళ్ళు చెప్పేది విని రావాలి. అంతే.

"దానివల్ల మన పనికి ఏం లాభం మాస్టారూ?" అని అడిగాను ఒకసారి.

"లాభం కోసం వెళితే వాళ్ళకి తెలిసిపోద్దమ్మా. ఆ ఇంటివాళ్ళ ముఖం చూడలేనివాడికి ఖైదీ ముఖం చూసే అర్హత లేదు" అన్నారాయన.

మంచి మాటే. ఎండలో బస్సెక్కి, ఆ గుమ్మం దగ్గర నిలబడి తిట్లు తినేది మాత్రం నేను.

ఏడో ముద్దాయి

నకరికల్లు వైపు ఒక ఊళ్ళో కాలవ నీళ్ళ దగ్గర గొడవ జరిగింది. మిరప తోటలకు నీళ్ళు అందని రోజులు. తూము దగ్గర ఎవరి వంతు ముందు అన్న మాట మీద రెండు వర్గాలు కలబడ్డాయి. చలమయ్య అనే రైతు తలకు దెబ్బ తగిలి, నరసరావుపేట ఆస్పత్రికి తెచ్చేలోపే చనిపోయాడు. అతని భార్య అంకమ్మ పేరుతో ఫిర్యాదు ఇచ్చారు. అందులో అవతలి వర్గం వాళ్ళ పేర్లు వరుసగా రాయించారు. చివర, ఏడో ముద్దాయిగా, ఖాజా అనే మెకానిక్ పేరు చేర్చారు.

ఖాజాది మాచర్ల. ఆయిలింజన్లు, మోటార్లు బాగుచేసేవాడు. ఊరూరా తిరిగి పనిచేసేవాడు. ఆ రోజు అవతలి వర్గం రైతు ఇంజను బాగుచేయడానికి ఆ కాలవ గట్టు మీదే ఉన్నాడు. చలమయ్య పడిపోగానే రెండు వైపుల వాళ్ళూ పరుగెత్తారు. ఖాజా ఒక్కడే అటుగా వచ్చిన ట్రాలీ ఆటోను ఆపి, అతన్ని ఎక్కించి, తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తెచ్చాడు. అక్కడ అతని చొక్కా నిండా నెత్తురు చూసి, వీడు కూడా వాళ్ళ మనిషే అన్నారు చలమయ్య బంధువులు. ఆ చొక్కాయే అతని మీద సాక్ష్యమైంది.

కొట్టింది ఎవరో ఖాజా కళ్ళారా చూశాడు. స్టేషనులో అడిగినప్పుడు పేర్లతో సహా చెప్పాడు. దాంతో అవతలి వర్గానికీ పగవాడయ్యాడు. మిగిలిన ఆరుగురికీ వాళ్ళ వాళ్ళు జామీను ఇచ్చి బయటికి తెచ్చుకున్నారు. ఖాజాకూ బెయిలు వచ్చింది కాని, పూచీ పడటానికి ఆస్తి ఉన్న మనుషులు ఇద్దరు కావాలి. మాచర్లలో అతని చుట్టాలందరూ అద్దె ఇళ్ళవాళ్ళే. ఒక వర్గానికి శత్రువు, ఇంకో వర్గానికి ముద్దాయి. బెయిలు ఉత్తర్వు చేతికొచ్చాక కూడా నెలల తరబడి లోపలే ఉన్నాడు.

అతని తల్లి మస్తాన్‌బీ మా ఆఫీసుకు వచ్చినప్పుడు గోడ మీది సిలువ వంక చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మేం తురకలం, మీరేం అడిగినా మా మతం మాత్రం అడగొద్దు అని ముందే చెప్పింది. మాస్టారు లేచి వెళ్ళి, నీ కొడుకు నమాజు చేసుకునేటప్పుడు పాట ఆపేది మేమేనమ్మా, లోపలికి రా అన్నారు. అప్పుడు వచ్చింది. వస్తూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆమె పరుపులు కుట్టే మనిషి. ప్రతి ములాఖత్ రోజూ మాచర్ల నుంచి బస్సులో వచ్చేది. జాలీకి అవతల కొడుకు, ఇవతల ఆమె. అతను తల్లిని చూసిన మొదటి క్షణం నవ్వేవాడు. ఆ నవ్వు ఎంత కష్టపడి తెచ్చుకునేవాడో పక్కనున్న నాకు కనిపించేది.

జామీను ఇచ్చేవాళ్ళ కోసం మేము ఎక్కని గడప లేదు. చివరికి ఖాజాకు విడిభాగాలు అమ్మే నరసరావుపేట హార్డ్‌వేరు షాపు శెట్టిగారు ముందుకొచ్చారు. కుర్రాడు మంచోడమ్మా, నా ఇంటి కాగితాలు తీసుకెళ్ళండి అన్నారు. ఒకరు దొరికారు. రెండో మనిషి దొరకలేదు.

అంకమ్మ ఇంటి వసారా

నియమం ప్రకారం చలమయ్య ఇంటికి వెళ్ళాను. మొదటిసారి అంకమ్మ నాతో మాట్లాడలేదు. వసారాలో మంచం వాల్చి కూర్చోమని, తను గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేనెవరో, జైల్లో ఉన్నవాళ్ళను కూడా చూస్తానని ముందే చెప్పేశాను. దాచిపెడితే రెండో రోజుకు తెలిసిపోతుంది. పక్కింటావిడ వచ్చి, నీకు సిగ్గు లేదా అని నన్ను అడిగింది. అంకమ్మ ఆమెను వారించనూ లేదు, నన్ను వెళ్ళమననూ లేదు.

తర్వాత రెండు మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెం మాట్లాడింది. చలమయ్యకు కోపం ఎక్కువని, పచ్చిమిరపకాయ కొరుక్కోకపోతే ముద్ద దిగేది కాదని, కూతురి జడ తనే వేసేవాడని చెప్పింది. భర్త గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు ఉండేది కాదు. ఆయన పొలం నుంచి వచ్చే వేళయింది, వచ్చేలోపు ఈ నాలుగు మాటలూ చెప్పేయాలి అన్నట్టు మాట్లాడేది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది: "ఆ మెకానిక్ పిల్లోడు బయటికొచ్చాడా?"

రాలేదన్నాను. బెయిలు వచ్చినా జామీను దొరకలేదన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆమె చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. తర్వాత చెప్పింది.

"ఆస్పత్రిలో మా ఆయన తలకి ఒక తువ్వాలు కట్టుంది. మా ఇంటిది గాదు. గ్రీసు మరకలు, డీజిలు వాసన. గట్టిగా, చక్కగా కట్టాడు. ఆ రోజు నాకు బుర్ర పన్జెయ్యలా. మనిషిని మట్టిలో పెట్టొచ్చినాక ఆ వాసనే గుర్తొస్తా ఉంది. కొట్టినోడు తల ఎందుకు కడతాడమ్మా?"

నెలల తరబడి ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఊళ్ళో ఎవరికి చెబుతుంది? ఫిర్యాదులో పేర్లు చెప్పిందంతా మరిది శ్రీను. ఆమె వేలిముద్ర వేసింది. ఒక పేరు తీసేయమంటే చనిపోయినవాడికి ద్రోహం చేసినట్టు చూస్తారు.

జామీనుకు ఏం కావాలని అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను. నేను అందుకోసం రాలేదని కూడా చెప్పాను.

"నాకు తెలుసులే. అడగటానికొచ్చేవాళ్ళు ఇన్నిసార్లు రారు" అంది అంకమ్మ. "మా నాయన నా పేరున రాసిచ్చిన ఎకరం ఉంది. దాని పాసుబుక్కు నా దగ్గరే ఉంది. పనికొస్తదా?"

మాస్టారిని అడిగి చెబుతానన్నాను. బస్సులో వస్తున్నంతసేపూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఏం చూశానో గుర్తులేదు. ఇరవై ఏళ్ళు బైబిలు చదివి, ఎన్నో ప్రసంగాల్లో ఇలాంటి మనిషి ఉంటుందని చెప్పాను. ఎదురుగా కూర్చుని తొడిమలు తీస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

శ్రీను

మాస్టారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఆమె మెత్తబడి ఉంది, మనం వాడుకున్నట్టు కాకూడదు అన్నారు. మా లాయరును వెంటబెట్టుకుని తనే ఆ ఊరు వెళ్ళారు. ముద్దాయి వాయిదాలకు రాకపోతే పొలం చిక్కుల్లో పడుతుందని, ఊళ్ళో మాట పడాల్సి వస్తుందని, ఒక్క అడుగు వెనక్కి వేసినా ఎవరూ తప్పుపట్టరని లాయరు చేత విడమరచి చెప్పించారు. ఆమె అంతా విని, వాయిదా ఏ రోజు అని అడిగిందట.

ఆ వారంలోనే శ్రీను మా ఆఫీసుకు వచ్చాడు. వెంట మరో ముగ్గురు. శ్రీను చెడ్డవాడని నేను ఎప్పుడూ అనను. అన్న పోయాడు. పగ ఎలా నిలబెట్టాలో ఊరు అతనికి నేర్పింది, దుఃఖం ఎలా మొయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. నిలబడే మాట్లాడాడు.

"ఏంది మీరు చేస్తన్న పని? పోయినోడు మావోడు. మా ఇంటి ఆడమనిషి చేతనే వాడికి జామీను ఇప్పిస్తారా? ప్రార్థనలు జేసుకునేటోళ్ళు, ప్రార్థనలు జేసుకోండి. మా గడప మళ్ళా తొక్కితే బాగోదు."

మాస్టారు అతన్ని కూర్చోమన్నారు. కూర్చోలేదు. మేము అడగలేదు బాబూ, కాని ఆమె అడిగినదానికి అబద్ధం చెప్పలేదు అన్నారు. తర్వాత ఒక మాట అడిగారు: నీ అన్నని కొట్టినవాడికి శిక్ష పడాలని ఉందా, ఆ వర్గం మొత్తాన్ని కోర్టు చుట్టూ తిప్పాలని ఉందా? శ్రీను తనవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

అతను వచ్చిన సంగతి అంకమ్మకు చెప్పి రమ్మని మాస్టారు నన్ను పంపారు. అన్నీ తెలిసే ఆమె నిర్ణయించుకోవాలి. నాకు నిజంగా భయం వేసింది. ఆ ఊరి సెంటరులో బస్సు దిగితే టీ బంకు దగ్గర మాటలు ఆగిపోయాయి. అంకమ్మ మాత్రం నేను చెప్పింది విని, మరిది తనతోనూ అన్నాడని, తెల్లారేదాకా అత్తగారు కూడా సతాయించిందని చెప్పింది. అంతా చెప్పి, ఎన్ని గంటలకు రావాలని అడిగింది.

కోర్టులో

ఆ రోజు ఆమె తన పెద్ద కూతురిని తోడు తెచ్చుకుని వచ్చింది. పాసుబుక్కు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. శెట్టిగారి పని తొందరగా అయిపోయింది. అంకమ్మ పేరు పిలిచినప్పుడు గుమాస్తా కాగితం చూసి, తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ కాగితం చూశాడు. జడ్జిగారికి వినపడేలా ఏదో చెప్పాడు.

"ఈ కేసులో చనిపోయిన వ్యక్తి మీ భర్తే కదమ్మా?" అని అడిగారు జడ్జిగారు.

"అవునయ్యా."

"ముద్దాయికి జామీను ఇస్తున్నారా? మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదయ్యా. వద్దని బలవంతం చేసినోళ్ళే ఉన్నారు."

కేసు ఇంకా విచారణకు రాలేదని, తప్పొప్పులు ఇప్పుడు తేల్చడం లేదని, అతను వాయిదాలకు రాకపోతే బాధ్యత ఆమెదేనని జడ్జిగారు మెల్లగా, ఒక్కొక్కటే చెప్పారు. ప్రతిదానికీ ఆమె తల ఊపింది. చివర ఆయన, ఎందుకు ఇస్తున్నారో చెప్పగలరా అన్నారు. చట్టం ప్రకారం ఆ ప్రశ్న అవసరమో కాదో నాకు తెలియదు. ఆయనకు అడగాలనిపించి ఉంటుంది.

"మా ఆయన ఒంటరిగా పోలేదయ్యా. ఈ పిల్లోడి ఒళ్ళో పోయాడు" అంది.

జడ్జిగారు కళ్ళజోడు తీసి కాసేపు చేతిలో పట్టుకున్నారు. తర్వాత సంతకం చేశారు. కోర్టుల్లో చాలా చూశాను. అరుపులు, ఏడుపులు, తీర్పు విని కూలబడిపోయిన మనుషులు. హాల్లో ఉన్న వకీళ్ళంతా ఒక పల్లెటూరి మనిషికి దారి ఇస్తూ పక్కకు జరగడం ఆ ఒక్కరోజే చూశాను.

జైలు గేటు దగ్గర

కాగితాలు జైలుకు చేరి అతన్ని వదిలేసరికి సాయంత్రమైంది. అంకమ్మను ఊరికి వెళ్ళిపొమ్మన్నాను. ఉంటానంది. గేటు పక్కన సిమెంటు అరుగు మీద మస్తాన్‌బీ ముందే కూర్చుని ఉంది. ఇద్దరికీ ఒకరెవరో ఒకరికి తెలుసు. మస్తాన్‌బీ తల ఎత్తలేకపోయింది. పక్కకు జరిగి చోటు ఇచ్చింది. అంకమ్మ కూర్చుంది. పిల్లదానికి మస్తాన్‌బీ సంచిలోంచి బన్ను తీసి ఇచ్చింది. కొడుకు కోసం తెచ్చిన బన్ను అది.

ఖాజా బయటికి రాగానే తల్లిని పట్టుకున్నాడు. తల్లి భుజం మీదుగా అంకమ్మను చూసి బిగుసుకుపోయాడు. జామీను ఎవరిచ్చారో లోపల అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. అతను వచ్చి ఆమెకు కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రోజే చెప్పబోయా. మీరు వినే స్థితిలో లేరు. ఆటోలో ఆయన ఒక మాట చెప్పమన్నాడు" అన్నాడు.

అంకమ్మ అతని ముఖంలోకి చూసింది.

"చేలోకి నీళ్ళు తిప్పి వచ్చాను, అంకమ్మకి చెప్పు, పోయి మడవ కట్టి నీళ్ళు ఆపమని. లేకపోతే మొక్కలు మునిగిపోతయ్యన్నాడు. రెండుసార్లు చెప్పాడమ్మా. మళ్ళా మాట్లాడలా."

"నా పేరు పెట్టి అన్నాడా?"

"అవునమ్మా. అంకమ్మ అనే అన్నాడు."

"ఇంట్లో ఎప్పుడూ పేరుతో పిలవలా. ఏమే అనేవాడు" అంది అంకమ్మ. అని, నాకు తెలిసినంతలో మొదటిసారి ఏడ్చింది. మస్తాన్‌బీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఆ రోజు మడవ ఎవరూ కట్టలేదని, చేనంతా మునిగిందని ఏడుస్తూనే చెప్పింది. పక్కన నిలబడ్డ వార్డరు ముఖం అటు తిప్పుకున్నాడు. ప్రార్థన చేయడం నా ఉద్యోగం. ఆ పూట నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. దొరకకపోవడమే సరైనదని ఇప్పుడు అనిపిస్తుంది.

పేర్లు కలిపితే ఏమవుతుంది

మా పల్నాడులో ఫిర్యాదులు రాయించేటప్పుడు అవతలి వర్గంలో కనిపించిన ప్రతివాడి పేరూ కలపడం అలవాటు. దీన్ని పౌరుషం అనుకుంటారు. నా మాట కఠినంగా ఉన్నా చెబుతాను: దీనివల్ల ఎక్కువ లాభపడేది అసలు నేరస్తుడే. ఏడుగురి పేర్లు ఉంటే సాక్ష్యం ఏడు ముక్కలవుతుంది. ఇందులో అయితే ఇంకా ఘోరం. కళ్ళారా చూసిన ఒకే ఒక్క బయటి మనిషిని తామే ముద్దాయిని చేశారు. ముద్దాయిల వరుసలో నిలబడ్డవాడు సాక్షిగా బోనెక్కలేడు. శ్రీను తనకే తెలియకుండా తన అన్నని చంపినవాళ్ళకు ఎంత మేలు చేశాడో మా లాయరు విడమరచి చెప్పాకే నాకు అర్థమైంది.

అంకమ్మ మరోసారి పోలీసుల ముందు నోరు విప్పి, తాను చూడలేదని, ఖాజా పేరు పొరపాటున చేరిందని చెప్పింది. తువ్వాలు సంగతి చెప్పింది. ఆటో డ్రైవరు కూడా ముందుకొచ్చాడు. అంతకుముందు అతన్ని ఎవరూ అడగలేదు. మళ్ళీ దర్యాప్తు జరిగి, కొన్నాళ్ళకు కోర్టు ఉత్తర్వుతో ఖాజా పేరు ముద్దాయిల్లోంచి తీసేసి సాక్షుల్లో చేర్చారు.

ఆ తర్వాత నెలలు ఖాజాకు గడ్డుకాలం. ఊళ్ళలో పనికి పిలవడం మానేశారు. సాక్ష్యం చెబితే చేతులు ఉండవని ఎవరో అన్నారు. పని మానుకుని హైదరాబాదు వెళ్ళిపోదామనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. ఆమె తన ఎకరం నీ కోసం కోర్టులో పెట్టింది, నువ్వు ఎక్కడికి పోతావురా అందట. మాచర్లలోనే ఒక వర్క్‌షాపులో మేము పని చూశాం. రెండేళ్ళపాటు ఒక్క వాయిదా తప్పలేదు.

విచారణలో ఖాజా చూసింది చూసినట్టు చెప్పాడు. డిఫెన్సు లాయరు అతన్ని గట్టిగానే తిప్పాడు కాని, మాట మారలేదు. అంకమ్మ బోనెక్కినప్పుడు అదే లాయరు, మొదట ఏడుగురన్నావు, ఇప్పుడు ఆరుగురంటున్నావు, రేపు అయిదుగురంటావా అని అడిగాడు. ఆమె తొణకలేదు. నేను చూడలా, పేర్లు మావాళ్ళు చెప్పారు, ముద్ర నేనేశాను, తప్పని తెలిసినాక ఊరుకోలా, ఇప్పుడూ ఊరుకోను అంది. ఆ లాయరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

చలమయ్యను కొట్టింది వీరాంజనేయులు, అతని తమ్ముడు అని తేలి, ఆ ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. గట్టు మీద ఉన్నా కొట్టని మిగిలిన నలుగురూ బయటపడ్డారు. మా ప్రాంతంలో ఇలాంటి కేసులు చాలావరకు రాజీతో, సాక్షులు మాట మార్చడంతో గాలికి పోతాయి. ఇందులో నిజం నిలబడటానికి కారణం, నిజం చెప్పిన మనిషి ముందుగా శత్రువుల వరుసలోంచి ఒకణ్ణి బయటికి లాగడం. ఇది ఏ శిక్షణ తరగతిలోనూ నాకు ఎవరూ చెప్పలేదు.

తీర్పు రోజు కోర్టు ఆవరణలో ఒక పాస్టరు అంకమ్మ దగ్గరికి వచ్చి, మీరు క్షమించడం గొప్ప సాక్ష్యం తల్లీ అన్నాడు. ఆమె నా వైపు చూసింది.

"నేను క్షమించలేదయ్యా. చెయ్యనోణ్ణి వదిలిపెట్టమన్నా, చేసినోణ్ణి పట్టుకోమన్నా. క్షమించడం ఇంకా నా చేతగాలా" అంది.

అందుకే మీకు చెబుతున్నాను. క్షమించానని ఎవరి నోటా పలికించకండి. ఆమె చేసినదానికి మన దగ్గర ఉన్న మాటలన్నీ చిన్నవి.

శ్రీను ఇప్పటికీ వదినతో మాట్లాడడు. అయితే కాలవకు నీళ్ళు వదిలినప్పుడు ఆమె వంతు ఆమెకు అందుతుంది. ఎవరూ అడ్డుపడరు. అది ఎవరు చూసుకుంటున్నారో ఊళ్ళో అందరికీ తెలుసు.

కోటమ్మ

తీర్పు వచ్చే నాటికి మాస్టారు లేరు. విచారణ మధ్యలో, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలోనే కన్నుమూశారు. ఆయన ఉంటే ఏం చేయమనేవారో నాకు తెలుసు. శిక్ష పడ్డ ఆ అన్నదమ్ముల్ని సెంట్రల్ జైలుకు వెళ్ళి చూడాలి. నాకు మనసొప్పలేదు. అంకమ్మకు ఏమని చెప్పాలో తెలియక కొన్ని వారాలు నాన్చాను.

అలా నాన్చుతున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, ఆఫీసు గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. చంకలో పిల్లవాడు. చెప్పులు చేత్తో పట్టుకుంది. ఎండలో వచ్చి ముఖం ఎర్రబడింది. ఎవరమ్మా అంటే పేరు చెప్పింది. కోటమ్మ. వీరాంజనేయులు భార్య.

శిక్ష పడ్డాక మొగుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదట. సెంట్రల్ జైలు ఎక్కడో, ఎలా వెళ్ళాలో, ఆడమనిషిని లోపలికి రానిస్తారో లేదో తెలియదు. బయటపడ్డ నలుగురు మగవాళ్ళూ ఆ కేసు మాట ఎత్తితేనే లేచిపోతున్నారట. పుట్టింటివాళ్ళు వదిలేసి రమ్మంటున్నారు.

"ఇక్కడికి రమ్మని నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

కోటమ్మ పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంది.

"అంకమ్మక్క" అంది. "మా రెండిళ్ళకీ మాటల్లేవమ్మా. మొన్న రేషను బియ్యం బండి దగ్గర పక్కనే నిలబడింది. నా వంక చూడలా. బండి వంకే చూస్తా చెప్పింది. పేటలో ఫలానా చోట ఒక ఆఫీసుంది, పో, వాళ్ళు దారి చెప్తారు, పిల్లోణ్ణి కూడా తీసకపో, వాడు నాయన్ని మర్చిపోతాడు అంది. అని బియ్యం తీసుకుని యెళ్ళిపోయింది."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఆ క్షణంలో నాకే తెలియదు. ఎదురుగా ఉన్న కోటమ్మ బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఫ్యాను కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పిల్లవాడికి మంచినీళ్ళు ఇచ్చాను. తర్వాత ఆమె పక్కనే కూర్చుని, సెంట్రల్ జైలుకు ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, గేటు దగ్గర ఏం అడుగుతారో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను. అంతా విన్నాక, మొదటిసారికి మీరు తోడొస్తారా అని అడిగింది.

వస్తానన్నాను.